టోపీ కింద చుక్క

జూన్ 9, సోమవారం

పొద్దున్న సింకు పక్కన ఎవరో కడిగి ఆరేసిన గ్లవ్ ఒకటి ఫ్యాను గాలికి ఉబ్బి, అయిదు వేళ్ళతో మెల్లగా ఊగుతోంది. లోపల ఎవరిదో చెయ్యి ఉన్నట్టే ఉంది. పట్టుకుని పిండేశాను. నీళ్ళు కారాయి, గోరువెచ్చగా.

ఈరోజు నుంచి నాకూ దుర్గాశ్రీకీ పసిపిల్లల గదిలో డ్యూటీ. ఆరు తొట్టెలు. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, బరువు చాలనివాళ్ళు. తలుపుకి మనిషి మొహమంత గుండ్రటి అద్దం ఉంది. బంధువులు అందులోంచే చూడాలి.

లోపలికి పంపేముందు మా నర్సింగు ట్యూటరు పుష్పలత మేడమ్ అందర్నీ వరండాలో నిలబెట్టి, వార్డులో దేనికి భయపడతారో ఒక్కొక్కరినీ చెప్పమన్నారు. సూది అన్నారు కొందరు. రక్తం. టీబీ దగ్గు. దుర్గాశ్రీ "పెద్ద డాక్టరు గారండి" అంటే అందరూ నవ్వారు. నా వంతు వచ్చేసరికి పసుపు సంచి అన్నాను. రక్తం అంటిన దూదీ గుడ్డా అన్నీ అందులోనే పడేస్తారు. అది నిండి మూలన కూర్చుని ఉంటే, పొట్ట ఉన్న మనిషిలా కనిపిస్తుంది నాకు.

"ఎవరి దగ్గర ఏముందో మనకి తెలీదు" అన్నారు మేడమ్. "అందుకని అందరితోనూ ఒకేలా జాగ్రత్తగా ఉండాలి. ఒకరికి ఎక్కువా, ఒకరికి తక్కువా అని లేదు."

ఈ మాట నోట్సులో రాసుకుని కింద గీత గీశాను.

మూడో తొట్టెలో పాప కిలో మూడొందలు. తొడ నా బొటనవేలంత లావుంది. తల్లి పేరు సత్యప్రియ, ఓడలరేవు నుంచి వచ్చారు. నాకంటే చిన్నదే. పక్క వార్డులో పడుకుని, పాలు పిండి గిన్నెలో పంపిస్తుంది.

జూన్ 10

ఆయా అప్పాయమ్మ పసుపు సంచి మూతి కట్టమంది. రెండు జతల గ్లవ్స్ వేసుకుని ఊపిరి బిగబట్టి కట్టాను.

"ఊపిరి తీసుకోండి అమ్మాయిగారూ, అదేం కరవదు" అంది.

చేతులు మోచేతుల దాకా కడిగాను. హాస్టల్‌కి వచ్చి మళ్ళీ కడిగాను.

జూన్ 11

"నర్సమ్మగారూ" అని తలుపు సందులోంచి ఎవరో పిలిచారు. నన్ను నర్సమ్మ అని పిలిచిన మొదటి మనిషి. మూడో తొట్టె పాప అమ్మమ్మ, సత్యనారాయణమ్మ గారు. కొంగు ముడిలోంచి చిన్న కొబ్బరిచిప్ప తీశారు. అడుగున నల్లగా, గట్టిగా చాదు. సగ్గుబియ్యం మాడ్చి, కాచి పోసి ఆరబెట్టింది. మా గంగవరంలోనూ ప్రతి ఇంట్లో ఉంటుంది ఇలాంటి చిప్ప. తడి వేలితో రుద్ది పసిపిల్లలకి బొట్టు పెడతారు.

"పుట్టి ఇన్ని రోజులైంది, ఇంతవరకూ మొహాన చుక్క లేదండి. ఆ అద్దంలోంచి వచ్చేవోళ్ళూ పోయేవోళ్ళూ చూసి పోతన్నారు. కాస్త మీ చేత్తో పెట్టండమ్మా."

"లోపల అలాంటివి పెట్టనివ్వరండి."

"తెలుసమ్మా. అందుకే గదా మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ రెండో అమ్మాయయితే కసురుకుంటాది. మీరు మెత్తటోరు."

"ఆయ్, అలాగేనండి" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. పెద్దవాళ్ళు ఏది అడిగినా నా నోటికి ముందు అదే వస్తుంది. కాన్వెంటులోనూ సిస్టర్ గారు మాట పూర్తి చేయకముందే యెస్ సిస్టర్ అనేదాన్ని.

డాక్టరు గారు రౌండు చూసుకుని వెళ్ళాక, చేతులు కడుక్కుని, గ్లవ్ తీసేసి (గ్లవ్‌తో బొట్టు ఎలా పెడతారు) ఉంగరపు వేలు తడిపి పాపకి చుక్క పెట్టాను. టోపీ అంచు కింద, కంటి చివర, ఎవరికీ కనిపించకుండా. అరికాల్లో ఇంకొకటి. పాప కళ్ళు తెరవలేదు. మొహం మాత్రం నా వైపు తిప్పింది. కంటి చివర పెట్టానని బయటికొచ్చి ఆవిడతో చెప్పాను.

చేతులు కడుక్కునే చేశాను.

జూన్ 12

రాత్రంతా మిగతా అయిదుగురి గురించే ఆలోచన. ఒకరికి చుక్క పెట్టి మిగతావాళ్ళని వదిలేస్తే, పాప మీద నిలవని చూపు పక్క తొట్టె మీద పడుతుంది కదా. నేను ఇవన్నీ నమ్ముతానని కాదు. కానీ మేడమ్ చెప్పిందీ అదే. ఎవరికి ఏముందో తెలియదు, అందరితోనూ ఒకేలా.

అందరికీ పెట్టాను. ఆరుగురికీ.

జూన్ 13

చిప్పని, పిల్లలకి వేడినిచ్చే వార్మరు కింద అరలో దాచాను. అక్కడ ఎవరూ వంగి చూడరు. చాదు ఎండిపోయి వేలికి రావడం లేదని తడి గుడ్డ కప్పాను. ఇప్పుడు వేలు తగిలిస్తే చాలు, వస్తోంది.

స్టాఫ్ సిస్టర్ ఈరోజు రెండో తొట్టె బాబు టోపీ సర్దుతూ చుక్క చూసింది. నా వైపు చూసింది. టోపీ మళ్ళీ కిందికి లాగేసింది. ఆవిడ మెడలో గొలుసుకి తాయెత్తు ఉంది.

జూన్ 14

అద్దం దగ్గర ఒకావిడ నిలబడుతోంది. మధ్యాహ్నం అన్నాల వేళ, వరండా ఖాళీ అయ్యాక వస్తుంది. ఆకుపచ్చ చీర. మొహం అద్దానికి ఆనించి చూస్తుంది. ఊపిరికి అద్దం మసకబారుతుంది, తగ్గుతుంది, మళ్ళీ మసకబారుతుంది. మిగతావాళ్ళు తమ బిడ్డనే చూస్తారు. ఈవిడ చూపు ఒకటో తొట్టె నుంచి ఆరో తొట్టె దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వస్తుంది.

బయటికి వెళ్ళి అడిగాను. "ఎవరి కోసమండి?"

"ఎవరి కోసమూ కాదండి" అంది.

ఆమె వెళ్ళాక అద్దం మీద నుదురు ఆనిన మరక. స్పిరిట్‌తో తుడిచాను. రెండుసార్లు.

జూన్ 15, ఆదివారం

సెలవు. చదువుకోవాలనుకున్నాను. చదవలేదు. చేతులు మండుతున్నాయి. కీళ్ళ దగ్గర తోలు లేచింది.

జూన్ 16

నాలుగో తొట్టె పాప కళ్ళు అంటుకుపోయాయి. దూదితో తుడిస్తే పచ్చటి చీము.

గదిలో ఏదో తియ్యటి వాసన. బాగా మగ్గిన పనసతొనల్లా. ఎవరైనా లోపల తిన్నారా అని దుర్గాశ్రీని అడిగాను.

"ఒసే, ఈ గదిలో నిలబడి పనసతొనలు తింటారా ఎవరైనా? నీ ముక్కు కూడా చేతులు కడిగినట్టు కడుగు" అంది.

అలమారలు వెతికాను. ఏమీ లేదు. వాసన ఉంది.

జూన్ 17

అయిదో తొట్టె బాబుకి కూడా. కళ్ళతో మొదలైంది, సాయంత్రానికి ఒళ్ళు చల్లబడింది. కాకినాడ పంపేశారు. తొట్టె ఖాళీగా ఉంది. గుంట అలాగే ఉంది పరుపు మీద.

ఆకుపచ్చ చీరావిడ ఈరోజు అయిదో తొట్టె ముందే ఎక్కువసేపు ఆగింది. నేను చూశాను.

జూన్ 18

చుక్కలు చిన్నవిగా పెట్టానేమో. ఈరోజు కొంచెం పెద్దవి పెట్టాను. కళ్ళు బాగోని పాపకి నుదుటి మీద కూడా.

సెక్యూరిటీతో చెప్పి అద్దానికి లోపలి నుంచి పచ్చ గుడ్డ కట్టించాను. మధ్యాహ్నం గుడ్డ అవతల నీడ కనిపించింది. నిలబడి, వెళ్ళిపోయింది.

పసుపు సంచి మూతి మళ్ళీ నేనే కట్టాను. నాకిప్పుడు దాని భయం తగ్గింది. ఎక్కడికి పోయిందో ఆ భయం.

జూన్ 19

మూడో తొట్టె పాపకి మొదలైంది.

జూన్ 19, మళ్ళీ

పాలు లోపలికి పోవడం లేదు. రెండు కళ్ళూ ఉబ్బాయి. డాక్టరు గారు చాలాసేపు నిలబడి, పుష్పలత మేడమ్‌తో నెమ్మదిగా అన్నారు: "మందులు వాడుతూనే ఉన్నాను. కానీ ఎక్కణ్ణించి వస్తోందో తెలియాలి. అది తెలియకపోతే రోజుకొకరు పడిపోతారు. ఈ పిల్ల తట్టుకోదు."

సత్యప్రియ పాల గిన్నె పట్టుకుని తలుపు దగ్గరే ఉంది. "ఇవి పట్టండి నర్సుగారూ" అంటూ నా చేతికి ఇచ్చింది. "తాగడం లేదు ఇప్పుడు" అని చెప్పలేకపోయాను. తీసుకున్నాను. లోపలికి తీసుకెళ్ళి సింకులో పోశాను. పోస్తుంటే చేతులకి తగిలింది, వెచ్చగా.

సత్యనారాయణమ్మ గారు కనిపించారు. "చుక్క పెడుతున్నారు గదమ్మా?" అన్నారు.

"ఆయ్" అన్నాను.

"మీరు పెడుతున్నారనే ధైర్యమండి నాకు."

అన్నం చెంచాతో తిన్నాను. కుడిచేతికి ఆ తియ్యటి వాసన. సబ్బు పెట్టినా ఉంది. దుర్గాశ్రీ ముక్కు దగ్గర పెట్టి చూడమన్నాను. "సబ్బు వాసనే. పడుకోవే బాబూ" అంది.

జూన్ 20, శుక్రవారం

ఇది వరసగా రాయాలి.

ఏడున్నరకి వెళ్ళాం. పొద్దున్నే ఎప్పటిలా అందరికీ పెట్టాను. పదకొండుకి మేడమ్ వచ్చి, మధ్యాహ్నం గదంతా చూస్తాం, ఎవరూ భోజనానికి వెళ్ళొద్దన్నారు. ఎవరైనా చూస్తారని నేను గబగబా తడి దూదితో చుక్కలన్నీ తుడిచేశాను. టోపీల కింద నలుపు లేకుండా చేశాను.

పన్నెండు దాటాక మేడమ్ కర్టెన్లు దించి లైట్లు ఆర్పించారు. వార్మర్ల ఎర్ర వెలుగు మాత్రం ఉంది. ఆవిడ చేతిలో ఒక నీలం టార్చి.

"పొద్దున్న మీరు రాకముందు ఒక పొడి రాశాను. తలుపు పిడికీ, కుళాయి తిప్పే చోటా. మామూలు వెలుతురులో కనిపించదు. ఈ టార్చికి కనిపిస్తుంది. చేతులు చాపండి."

చేతులు వెలిగాయి. పాలిపోయిన నీలం, నీళ్ళలో మునిగిన చేతుల్లా. దుర్గాశ్రీ చెంపా చెవీ వెలిగాయి, ఫోను వెలిగింది. స్టాఫ్ సిస్టర్ తాయెత్తు వెలిగింది. అప్పాయమ్మకి మోచేతుల దాకా, ముక్కుపుడక దాకా.

"అమ్మబాబోయ్, అమ్మవారిలాగున్నానండీ నేను" అంది అప్పాయమ్మ. ఎవరూ నవ్వలేదు.

నా చేతులు తక్కువ వెలిగాయి. గోళ్ళ మొదళ్ళలో సన్నటి గీతలు, ఉంగరపు వేలి కొనన బియ్యపుగింజంత.

తర్వాత మేడమ్ పిల్లల వైపు తిరిగారు. ఒకటో తొట్టె. బాబు ఒంటి మీద అక్కడక్కడ మసక మరకలు, ఎత్తుకున్న చేతులవి. టోపీ ఎత్తారు. కంటి చివర ఒక చుక్క, నలుపు పోయినా పొడి పోలేదు, చుట్టూ మసకే లేదు, అదొక్కటే వెలుగుతోంది. మేడమ్ మేజోడు తీశారు. అరికాల్లో ఇంకొకటి.

రెండో తొట్టె. అక్కడే. అక్కడే.

మూడో తొట్టె. నాలుగో తొట్టె. ఆరో తొట్టె. చీకట్లో చిన్న చిన్న అరికాళ్ళు, ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్క కన్ను తెరుచుకున్నట్టు.

మేడమ్ మూడో తొట్టె మీదికి వంగి చాలాసేపు చూశారు.

"ఇది ఎత్తుకున్న చెయ్యి కాదు. ఒక్క వేలు" అన్నారు. "అందరికీ ఒకే చోట. ఎవరు?"

స్టాఫ్ సిస్టర్ నేల చూస్తోంది. దుర్గాశ్రీ నా వైపు చూసింది. మేడమ్ టార్చి అప్పాయమ్మ చేతుల మీదికి వెళ్ళింది, ఎందుకంటే అవే అందరికంటే ఎక్కువ వెలుగుతున్నాయి.

"నేను కాదండీ" అంది అప్పాయమ్మ. "నేను ఒళ్ళు తుడుస్తానండి, గుడ్డలు మారుస్తానండి, అంతేనండి. మా ఇంట్లోనూ పసివోళ్ళున్నారండి."

"రేపటి నుంచి నువ్వు బయట వార్డులో చెయ్యి" అన్నారు మేడమ్.

అప్పాయమ్మ నా వైపు చూడలేదు. ఎవరి వైపూ చూడలేదు. లైట్లు వేశారు. చేతులన్నీ మళ్ళీ మామూలు చేతులయ్యాయి.

నోరు తెరిచాను. తెరిచాననే గుర్తు. మాట రాలేదు.

జూన్ 20, సాయంత్రం

అందరూ వెళ్ళాక వార్మరు కింద నుంచి చిప్ప తీశాను. తడి గుడ్డ ఎత్తాను.

పనసతొనల వాసన.

నల్లటి చాదు మీద సన్నగా పచ్చటి జిగురు. వెచ్చగా ఉంది. ఇన్నాళ్ళూ నేను ఊపిరి బిగబట్టి మూతి కట్టింది వేరే సంచికి.

హాస్టల్‌కి వచ్చాక దుర్గాశ్రీకి చెప్పాను. మంచం మీద లేచి కూర్చుంది.

"నువ్వా? నువ్వేనా? ఎవరికైనా చెప్పేవా?"

"లేదు."

"చెప్పకు. నీకు పిచ్చా? ఫైనలియర్. నిన్ను పంపించేస్తారు. మీ నాన్నగారు చేను పని మానుకుని వచ్చి నిన్ను తీసుకెళ్తారు, ఊరంతా చూస్తారు. ఆ చిప్ప కాలవలో పడేసి ఊరుకో. ఇంక పెట్టకు, అంతే. రేపటి నుంచి ఎవరికీ రాదు."

"మూడో తొట్టె పాపో?"

"దానికి వచ్చిందేదో వచ్చేసింది కదే. నువ్వు చెప్తే తగ్గుతుందా?"

చిప్ప ప్లాస్టిక్ కవరులో ఉంది. కవరు మంచం కింద ఉంది. ఇది రాస్తున్నంతసేపూ దాని వైపు చూడడం లేదు.

జూన్ 21

చెప్పాను.

మేడమ్ టిఫిను తింటున్నారు. ఇడ్లీ ముక్క చేతిలోనే ఉండిపోయింది. కవరు బల్ల మీద పెట్టబోతే, "అక్కడ కాదు, కింద పెట్టు" అన్నారు. కసురుతారనుకున్నాను. కసరలేదు.

"ఎన్ని రోజులుగా?"

చెప్పాను.

"ఏ వేలు?"

చూపించాను. ఆవిడ ఆ వేలునే చూశారు.

"చేతులు కడుక్కునే చేసేదాన్నండి" అన్నాను.

"తెలుసు" అన్నారు మేడమ్. "నువ్వు కడుక్కునే ఉంటావు." తర్వాత, "నిన్న మధ్యాహ్నం ఎందుకు చెప్పలేదు? రాత్రి ఆరో తొట్టెకి మొదలైంది."

చిప్పని ల్యాబుకి పంపారు. నన్ను ఆ గదిలోకి వెళ్ళొద్దన్నారు. ఇంటికి కబురు చేయలేదు. ఎందుకు చేయలేదో అడగలేదు. అడిగితే చేస్తారేమోనని.

జూన్ 22, ఆదివారం

చేతులు కడిగాను.

జూన్ 24

ల్యాబులో అదే పెరిగిందట. పిల్లల కళ్ళలో ఉన్నదే చిప్పలోనూ. మేడమ్ వచ్చి చెప్పారు. కొత్తగా ఎవరికీ రాలేదు. గదంతా కడిగి ఆరబెట్టారు. మూడో తొట్టె పాప ఇంకా గొట్టంతోనే తాగుతోంది.

"వాళ్ళకి చెప్పారా అండి?" అని అడిగాను.

"ఎవరికి?"

"పాప వాళ్ళకి."

"ఇన్ఫెక్షన్ అని డాక్టరు గారు చెప్పేరు" అన్నారు మేడమ్, తలుపు వైపు చూస్తూ.

జూన్ 26

బయట వార్డులో అప్పాయమ్మ కనిపించింది. రేపటి నుంచి తిరిగి లోపలి డ్యూటీ అట.

"చెప్పేరటగదండి మీరు" అంది. "చెప్పేరు కదా, అయిపోయింది. నేనూ చూసేనండి ఆ చుక్కలు, మీరేమిటో దాస్తున్నాననుకున్నారు. టోపీ తీసిన ప్రతిసారీ చూసేను. ఎవరో పుణ్యాత్ములు పెడతన్నారనుకుని, చెరిగిపోకుండా చుట్టూ తుడిచేదాన్నండి."

తర్వాత నా చేతులు చూసి, "ఏమిటండీ ఇవి, కోడిని పీకినట్టు? కాస్త కొబ్బరినూనె రాయండి" అంది.

జూన్ 29

ఆకుపచ్చ చీరావిడ ఎవరో తెలిసింది. నేను అడగలేదు, దుర్గాశ్రీయే కనుక్కుంది. పక్క వార్డులోనే ఉండేదట. ఆమె బాబు కడుపులోనే పోయాడు. డిశ్చార్జి అయ్యాక కూడా బస్సు ఎక్కేముందు ఓసారి వచ్చిందట. అద్దానికి గుడ్డ ఉండడం చూసి వెళ్ళిపోయిందట.

నేను ఆ మరకని స్పిరిట్‌తో తుడిచాను. రెండుసార్లు.

జూలై 2

కలలో పిల్లలందరూ కళ్ళు మూసుకుని మొహాలు నా వైపు తిప్పారు. అంతే కల.

జూలై 5

కాకినాడ పంపిన బాబు బతికాడు. ఇంటికి వెళ్ళాడట.

జూలై 11

మూడో తొట్టె పాపని ఈరోజు ఇంటికి పంపారు. కిలో తొమ్మిదొందలు. నాకు ఆ గదిలోకి వెళ్ళే వీల్లేదు కనక అద్దంలోంచి చూశాను. గుడ్డ తీసేశారు. నా ఊపిరికి అద్దం మసకబారింది, తుడుచుకున్నాను.

సత్యప్రియ పాప మొహం మీద కొంగు కప్పి పట్టుకుంది. సత్యనారాయణమ్మ గారు నన్ను చూసి ఆగారు. నా చెయ్యి తీసుకుని కళ్ళకద్దుకున్నారు. కుడిచెయ్యి. వద్దనలేకపోయాను.

"ఆషాఢం వెళ్ళాక ఉయ్యాల్లో వేస్తామమ్మా. మీరు రావాలి. మీరు రాకపోతే వెయ్యను."

"ఆయ్" అన్నాను.

జూలై 20, ఆదివారం

ఒక్కదాన్నే ఎలా వెళ్తాను. వెళ్ళను.

జూలై 31

దుర్గాశ్రీ మొన్న అంది: "వెళ్ళి అన్నం తిని వచ్చెయ్. నోరు తెరవకు. వాళ్ళు సంతోషంగా ఉన్నారు. అది చెడగొట్టి నువ్వు బావుకునేదేమిటి? నీ మనసు తేలికవడానికి వాళ్ళ నెత్తిన పెడతావా?"

ఆమె అన్నది తప్పని చెప్పలేను. రెండు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. చెప్పకపోతే సత్యనారాయణమ్మ గారు మళ్ళీ చిప్ప తీస్తారు. పాప ఇంకా చిన్నదే.

ఆగస్టు 3, ఆదివారం

వెళ్ళాను.

అమలాపురంలో ఆటో ఎక్కి ఓడలరేవు దిగేసరికి పది. సముద్రం వైపు గ్యాసు ప్లాంటు గొట్టం మీది మంట పగలే వెలుగుతోంది, ఎండలో దాదాపు కనిపించకుండా. ఇసుకలో వలలు ఆరేసి ఉన్నాయి. ఇల్లు అడగక్కర్లేకపోయింది, షామియానా వేశారు.

"వచ్చేరా నర్సమ్మగారు!" అని సత్యనారాయణమ్మ గారు ఎదురొచ్చి, చుట్టాలందరికీ చూపించారు. "ఈ అమ్మేనర్రా. డాక్టర్లు ఆశ వదిలేసిన పిల్లని ఈవిడే దగ్గరుండి చూసింది." ఎవరో మంచినీళ్ళు ఇచ్చారు, ఎవరో కుర్చీ వేశారు. ఒక పెద్దాయన "మా ఎడం మోకాలు పట్టేత్తందండి, ఏదైనా మాత్ర చెప్పండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఉయ్యాలకి పూలు కట్టారు. పాపకి స్నానం చేయించి పట్టుపావడా చుట్టారు. ఒళ్ళు వచ్చింది. తొడ మీద మడత పడింది. సత్యప్రియ ఒళ్ళో పడుకుని, నిద్రపోతోంది.

సత్యనారాయణమ్మ గారు లోపలికి వెళ్ళి చిప్ప తెచ్చారు. కొత్త చిప్ప, కొత్తగా కాచిన చాదు. వేలు తడుపుకోమని చిన్న గ్లాసుతో నీళ్ళు.

"మొదటి చుక్క మీ చేత్తోనే అయ్యింది. ఇదీ మీరే పెట్టాలి."

అందరూ నా వైపు చూస్తున్నారు. నా నోటి చివర ఆ మాట సిద్ధంగా ఉంది. ఆయ్.

"వద్దండి" అన్నాను.

ఆవిడకి వినిపించలేదనుకుని మళ్ళీ అన్నాను. "నేను పెట్టనండి. మీరూ పెట్టకండి. పాపకి జబ్బు చేసింది దానివల్లేనండి. ఆ చిప్ప నేను తడిపి, వెచ్చటి చోట దాచాను. అందులో పురుగు పెరిగింది. నా వేలితోనే పిల్లలందరికీ అంటించాను. ల్యాబులో చూశారు. ఆసుపత్రిలో మీకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు."

ఎంత గట్టిగా అన్నానో తెలియదు. వంటల దగ్గర గరిట చప్పుడు ఆగింది.

"ఎంత మాట తల్లీ" అన్నారు సత్యనారాయణమ్మ గారు. నవ్వబోయారు. "చాదువల్ల జబ్బేమిటి? నా పిల్లలు నలుగురికీ పెట్టేను. మా అమ్మ నాకు పెట్టింది. దిష్టి తగిలిందమ్మా ఆ గదిలో, మీకేం తెలుసు..." ఆవిడ మాట మధ్యలో ఆగిపోయింది. తడిపిన వేలు అలాగే గాల్లో ఉంది. ఒక చుక్క నీరు ఆవిడ చీర మీద పడింది.

సత్యప్రియ అప్పటిదాకా తల ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. చాలా నెమ్మదిగా, దారి అడుగుతున్నట్టు అడిగింది.

"కంటి చివర పెట్టేనన్నారటగదండి, అమ్మతో. ఏ వైపు పెట్టేవారండి?"

"ఎడమ వైపండి."

ఆమె తల ఊపింది. పాపని ఎత్తి భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఉయ్యాల ఖాళీగా కొంచెంసేపు ఊగి ఆగింది. సత్యప్రియ వాళ్ళాయన మంగరాజు నన్ను ఆటో దాకా దింపాడు. ఆటో కదిలేముందు, ఏ వైపని ఆమె ఎందుకడిగిందో చెప్పి, "ఇంకెప్పుడూ పెట్టమండి" అన్నాడు.

హాస్టల్‌కి వచ్చి చేతులు కడగలేదు. అలాగే కూర్చుని ఇది రాస్తున్నాను.

పాపకి ఎడమ కన్ను కనిపించదు.